పీహెచ్‌క్యూ-9: నాకు పనికొచ్చింది తొమ్మిదో ప్రశ్న

డిప్రెషన్‌కి మందులు మొదలుపెట్టినప్పటి నుంచీ, అది ఎంతుందో తొమ్మిది ప్రశ్నలతో కొలిచే ఈ పీహెచ్‌క్యూ-9 కాగితం నింపుతూనే ఉన్నాను. ఎలా నింపాలో చెప్పను, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లేవాళ్లలో చాలామందికి తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది చివరి ప్రశ్న గురించి. చనిపోతే బాగుండుననో, మనకి మనమే హాని చేసుకోవాలనో గత రెండు వారాల్లో అనిపించిందా అని సూటిగా అడిగేస్తుంది. మా వీధిలో ఎవరూ ఎవర్నీ ఆ మాట అడగరు. మనమే ఎత్తినా "ఛ, అవేం మాటలు" అని నోరు మూయిస్తారు. ఈ కాగితం నిద్ర గురించి అడిగినట్టే అదీ అడుగుతుంది.

మొదట్లో నాకు మొత్తం మార్కులంటేనే ఇష్టం. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి 3 వరకు, ఎంత తక్కువైతే అంత మేలు. 27కి 17 ఉన్నది మెల్లగా 8కి దిగింది. దిగిన ప్రతిసారీ మా అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పేదాన్ని.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి బెజవాడలో మా సింగ్‌నగర్ మునిగింది. నేను బట్టలు కుట్టేది కింది గదిలోనే. మిషన్ మోటార్లు పోయాయి, అవి ఎలాగోలా బాగుచేయించుకోవచ్చు. ఓ పెళ్లికూతురి పట్టుచీర నా దగ్గరే ఉంది. నీళ్లు తీశాక మడత విప్పితే జరీలో బురద పేరుకుపోయి, ఎర్రరంగు తెల్ల అంచులోకి దిగిపోయి ఉంది. వాళ్లమ్మగారు "నువ్వు మాత్రం ఏం చేస్తావమ్మా" అన్నారు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్నేమో.

ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్లి నింపితే 9 వచ్చింది. లెక్క ప్రకారం 5 నుంచి 9 వరకు తేలికపాటిదే. ఇల్లు కడిగి కడిగి ఒళ్లు అలిసిపోవడంతో నిద్ర పడుతోంది, తింటున్నాను, అందుకని ఆ గడులన్నీ తక్కువే. తొమ్మిదో దానికి మాత్రం "కొన్ని రోజులు" అని టిక్కు పెట్టాను. కౌన్సెలర్ అమ్మాయి ఆ గడి మీద వేలు పెట్టి, "అమ్మా, ఇది ఎప్పుడనిపించింది?" అంది. మా ఆయన్ని కాసేపు బయట కూర్చోమంది. ఆలోచన వరకేనా, ఏమైనా చేసుకోవాలని కూడా అనుకున్నారా, ఇంట్లో ఎవరికైనా తెలుసా అని నెమ్మదిగా అడిగింది. ఆ చీర డబ్బులు ఎలా కట్టాలో తెలియక రాత్రిళ్లు ఏమేం అనుకున్నానో అన్నీ చెప్పేశాను. తర్వాత నన్ను అడిగి, మా ఆయన్ని లోపలికి పిలిచింది. మందులు ఆయన దగ్గరే పెట్టుకోమని, నన్ను ఒంటరిగా వదలొద్దని చెప్పి, అదే వారంలో మళ్లీ రమ్మంది. మొత్తం ఎంత తక్కువున్నా, ఆ గడిలో సున్నా కాకపోతే మనిషితో మాట్లాడాల్సిందేనట. నన్ను కాపాడింది ఆ పద్ధతే.

అందుకే మొత్తం గురించి అప్పుడు మా అక్కకి చెప్పినంత గొప్పగా ఇప్పుడు చెప్పలేను. బెజవాడ ఎండల్లో కరెంటు పోయి రోజూ నిద్ర లేకపోయినా 3, దిగులుతో నిద్ర పట్టకపోయినా 3. వేరే ఆస్పత్రిలోనైతే వరండాలో అట్ట మీద పెట్టి ఇచ్చారు, పక్కనే మా అత్తగారు తొంగిచూస్తున్నారు. అలాంటి చోట తొమ్మిదో దానికి నిజం ఎవరు రాస్తారు? అడిగితే లేని ఆలోచన పుట్టిస్తారేమోనని ఆవిడ భయం. అలా పుట్టదని డాక్టర్లంటారు, నాకైతే అడిగాక గుండె బరువు తగ్గింది.

నింపిన కాగితం చదివే మనిషి ఎదురుగా ఉంది కాబట్టి నాకు ఇంతగా పనికొచ్చింది. ఫోన్‌లో ఒంటరిగా నింపుకుని మొత్తం చూసి ఊరుకునేవాళ్లకి ఇదే మాట చెప్పలేను. అలా నింపేటప్పుడు తొమ్మిదో దానికి సున్నా కాకుండా ఇంకేదైనా పెట్టాల్సివస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి వెంటనే ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.