హనుమకొండ పక్కన ‘పోద్దాటి కల్లు’ కొనేవాళ్లు ఒకసారి చదవండి

హనుమకొండ శివారులో రోడ్డు పక్కన ‘అసలైన పోద్దాటి కల్లు’ అని అట్టముక్క మీద రాసిపెట్టి ఆగస్టులో సీసాలు అమ్ముతున్నారు. కొనకండి. పోద్దాటి కల్లు అంటే తాటికల్లులో ఒక రకం, అది చలికాలం చివర మొదలై ఎండలతో అయిపోతుంది. తర్వాత పరుపుతాడు, పండుతాడు అనే వేరే రకాల తాటికల్లు వంతు. వానల్లో ఆ పేరు చెప్పి అమ్ముతున్నారంటేనే అనుమానించాలి. అక్కడ కొన్న సీసా రుచి కూడా అదే చెప్పింది.

చెట్టు కల్లు పొద్దుగాల లొట్టి (చెట్టుకు కట్టే కల్లు కుండ) దించగానే తియ్యగా, నాలుక మీద చిమచిమలాడుతూ, పులిసిన పిండి వాసనతో ఉంటుంది. లొట్టిలో పడ్డప్పటి నుంచే ఈస్టు అందులోని చక్కెరను తింటుంటుంది. మధ్యాహ్నానికి తీపీ పులుపూ కలిసి ఉంటాయి, సాయంత్రానికి పులుపే మిగులుతుంది, మర్నాటికి వెనిగర్ వాసన వస్తుంది. ఈ సీసా మాత్రం సాయంత్రానికి పుల్లబడింది గానీ తీపి ఇసుమంత కూడా తగ్గలేదు. మింగాక గొంతులో చేదు నిలిచింది. అది శాకరిన్ అనే కృత్రిమ తీపి గుణం. ఈస్టు దాన్ని తినలేదు కాబట్టి ఆ తీపి ఎంతసేపటికీ పోదు. అనుమానముంటే ఒక గ్లాసు పక్కన పెట్టి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒక్కో చుక్క నాలుక మీద వేసి చూసి ఉమ్మేయండి. సీసాకు మూత బిగించొద్దు, గ్యాస్ పట్టి పగులుతుంది.

అసలు భయం శాకరిన్‌తో కాదు, మత్తు మందులతో. క్లోరల్ హైడ్రేట్‌కు ఘాటు వాసన, చేదు ఉంటాయి, ఆ చేదును తీపి కప్పేస్తుంది. అల్ప్రాజోలం, డైజెపామ్ కలిపితే ఎంత ఆరితేరిన నాలుకైనా పట్టుకోలేదు. ఒళ్లు చెప్పాల్సిందే. చెట్టు కల్లులో ఆల్కహాల్ నాలుగైదు శాతమే, ఇంచుమించు లైట్ బీరంత. ఒక్క సీసాకే మాట ముద్దముద్దగా వచ్చినా, మెడ వాలిపోయినా, రాత్రి సంగతి పొద్దున గుర్తు లేకపోయినా అది కల్లు మత్తు కాదు. దాని మీద బీరో విస్కీనో తాగితే ఊపిరి మందగించి ప్రాణం మీదికొస్తుంది.

ఇంట్లో ఎవరికైనా ఇలాంటి కల్లు రోజూ తాగే అలవాటుంటే ఒక్కసారిగా మాన్పించకండి. చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లండి, డాక్టర్లు మందులిచ్చి మెల్లగా తగ్గిస్తారు.

తాగాలనుంటే మండువకే (చెట్ల దగ్గర కల్లు పోసే చోటికే) పోయి, మోకు ముస్తాదుతో (చెట్టెక్కే తాడూ సరంజామాతో) చెట్టు దిగిన గౌడన్న చేతనే లొట్టిలోంచి పోయించుకోండి. ఒక్కో చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. ఏడాది పొడవునా ఒకే రుచితో డ్రమ్ములకు డ్రమ్ములు ఎక్కడి నుంచి వస్తున్నాయో అడగండి. ప్రాణాలకు తెగించి చెట్టెక్కేవాళ్ల పేరు ఈ మందు కల్లు వల్ల పాడవుతోంది, అదే ఎక్కువ బాధ. మిగిలిన సీసా పారబోయకుండా, ఎక్కడ ఎప్పుడు కొన్నారో రాసి ఎక్సైజ్ స్టేషన్‌లో ఇచ్చి ఫిర్యాదు చేయండి. పరీక్షకు పంపాలంటే వాళ్లకు ఆ శాంపిలే ఆధారం.