ఎడగారుకు విత్తన వడ్లు కొనేవాళ్లకు హెచ్చరిక: జీవశక్తి కాగితం చూసి డబ్బు కట్టొద్దు

నెల్లూరు జిల్లాలో ఎడగారుకు, అంటే రబీ కోతల తర్వాత వేసే వరికి, నారు పోసేవాళ్లు ఇది చదవండి. మార్చి, ఏప్రిల్‌లో కోసిన వడ్లనే ఆరబెట్టి, నెల తిరక్కముందే విత్తనమని అమ్ముతున్నారు. మేం కొన్న సంచులకు విత్తన ధ్రువీకరణ ట్యాగు లేదు. అడిగితే ‘జీవశక్తి 92 శాతం’ అన్న ల్యాబు కాగితం చూపించారు. మొలక కట్టి చూస్తే వందకు 43 గింజలే మొలిచాయి.

ఆ కాగితంలోది అబద్ధం కాదు. అది టెట్రాజోలియం అనే రసాయనంతో చేసే పరీక్ష. గింజను నిలువునా చీల్చి ఆ ద్రావణంలో ఉంచితే బతికున్న పిండం ఎర్రబడుతుంది. దాంతో తెలిసేది ప్రాణం ఉందనే. కొత్త వడ్లకు నిద్రావస్థ ఉంటుంది, ప్రాణం ఉండి కూడా లేవవు. నారుమడికి కావాల్సింది మొలక శాతం. ధ్రువీకరించిన వరి విత్తనానికి అది కనీసం 80 ఉండాలి.

కాబట్టి ముందు నమూనా తెచ్చుకోండి. సంచి పైన, మధ్యన, అడుగున తీసిన గింజల్ని కలిపి, మంచివి ఏరకుండా 400 లెక్కపెట్టండి. నాలుగు తడిగుడ్డల్లో వందేసి పరిచి, చుట్టి, నీడలో పెట్టండి. గుడ్డ ఆరకూడదు, నీళ్లూ కారకూడదు. 5వ రోజు ఒకసారి, 14వ రోజు చివరిసారి లెక్కించండి. వేరూ మొలకా రెండూ బాగున్నవే లెక్కలోకి వస్తాయి.

మిగిలిన గింజల్ని పారేయొద్దు, అసలు సంగతి వాటిలోనే ఉంది. గోటితో నొక్కండి. గట్టిగా, లోపల తెల్లగా ఉంటే నిద్రలో ఉన్నట్టు. మెత్తగా చితికి, బూజు పట్టి కంపు కొడితే చచ్చినట్టే, దానికి ఏ మందూ లేదు.

నిద్ర అయితే లీటరు నీటికి 6.3 మి.లీ. గాఢ నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్), నిద్ర ఎక్కువుంటే 10 మి.లీ. కలిపి 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి, 24 గంటలు మండె కట్టాలి, అంటే తడి గోనెసంచిలో మూటగా ఉంచి మొలకెత్తనివ్వాలి. ప్లాస్టిక్ డ్రమ్ములోనే కలపండి, చేతికి తొడుగు ఉండాలి, నీళ్లలో ఆమ్లం పోయాలే తప్ప ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. ఇది చేయకుండా చల్లితే నారు విడతలు విడతలుగా లేస్తుంది. ఒకే మడిలో ముదురు నారు, లేత నారు కలిసి, నాటే రోజుకు సగం పనికిరాదు.

బిల్లు మీద రకం, లాటు నంబరు రాయించుకోండి. ఖాళీ సంచీ, కొంత విత్తనమూ దాచుకోండి. మండల వ్యవసాయాధికారికి ఫిర్యాదు ఇవ్వాలంటే ఇవే ఆధారం.