నాన్న దగ్గర్నుంచి కారు తాళాలు తీసేసుకునే ముందు చేయించిన కంటి పరీక్ష (అత్తాపూర్ దగ్గర క్లినిక్) - 4/5

మా నాన్నకి 64 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా కారు నడుపుతున్నారు, బండి మీద గీత పడనిచ్చేవారు కాదు. అలాంటిది రెండు నెలల్లో రెండుసార్లు, అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల కింద యూటర్న్ తీసుకుంటుంటే ఎడమ పక్క నుంచి వస్తున్న బైకుకి తగలబోయింది. రెండోసారి పక్క సీట్లో నేనే ఉన్నాను. ఆ బైకు నాకు చాలా దూరం నుంచే కనిపిస్తోంది, నాన్నకి బానెట్ ముందుకి వచ్చేదాకా కనిపించలేదు. "ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడమ్మా వీడు" అన్నారు.

కళ్లజోడు షాపులో చూపిస్తే అక్షరాలన్నీ గడగడా చదివేశారు, 6/6. లైసెన్స్ ఫారంలో అడిగేది కూడా 25 మీటర్ల దూరంలో నంబర్ ప్లేటు కనిపిస్తోందా అనే. అదీ చదవగలరు. పక్క చూపు సంగతి ఎవరూ అడగలేదు.

ఈ క్లినిక్‌లో అడిగారు, నాకు నచ్చింది అదే. ముందు కంటి ప్రెషర్ చూశారు, 28 ఉంది (మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుందట, అయితే ప్రెషర్ సరిగ్గానే ఉన్నా నీటికాసులు, అంటే కంటి నరం దెబ్బతినే గ్లాకోమా జబ్బు, రావచ్చని డాక్టర్ చెప్పారు). తర్వాత ఫీల్డ్ టెస్ట్, అంటే పక్క చూపు పరీక్ష. ఒక కంటికి గంత కట్టి, గడ్డం ఆనించి, తెల్లటి గిన్నెలాంటి దానిలో మధ్య చుక్కనే చూస్తూ, పక్కల్లో ఎక్కడ లైటు మెరిసినా బటన్ నొక్కాలి. కుడి కన్నుకి టిక్కు టిక్కుమని నొక్కుతూనే ఉన్నారు. ఎడమ కన్నుకి వచ్చేసరికి ఎంతసేపటికీ చప్పుడు లేదు. నాన్న తల తిప్పకుండానే "మిషన్ ఆగిపోయిందా అమ్మా?" అని అడిగారు. ఆగలేదు. బయట నిలబడ్డ నాకు కాళ్లు వణికాయి.

నీటికాసులు. ఎడమ కన్ను బాగా దెబ్బతింది. డాక్టర్ రెండు ప్రింటవుట్లూ పక్కపక్కన పెట్టి ఓపిగ్గా చెప్పారు: చూపు పోయిన చోట నల్లగా ఏమీ కనిపించదు, మెదడు చుట్టుపక్కల ఉన్నదాంతో ఆ ఖాళీని పూడ్చేస్తుంది, కాబట్టి బైకు ఉన్న చోట మనిషికి ఖాళీ రోడ్డే ఉన్నట్టు అనిపిస్తుంది. నొప్పి ఉండదు, ఒక కన్ను లోటు ఇంకో కన్ను కప్పేస్తుంది, అందుకే ఇన్నాళ్లూ తెలియలేదు. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవడానికే చుక్కల మందు. నీటికాసులున్న వాళ్లందరూ డ్రైవింగ్ మానేయాలని ఆయన అనలేదు, మొదట్లోనే పట్టుకుంటే చాలామంది నడపగలరన్నారు. మొదటిసారి ఫీల్డ్ టెస్ట్ ఒక్కోసారి సరిగ్గా రాదు కాబట్టి మళ్లీ చేసి చూస్తామని, అప్పటిదాకా స్టీరింగ్ ముట్టొద్దని మాత్రం నాన్న మొహం చూసి చెప్పారు. నేను చెప్తే వినేవారు కాదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, చీకటిగా ఉండాల్సిన టెస్ట్ గది తలుపు మధ్యలో రెండుసార్లు తీశారు, పాపం ఆ టెక్నీషియన్ అమ్మాయి కుడి కన్నుది మళ్లీ మొదటినుంచి చేయాల్సొచ్చింది. మొత్తం నాలుగు గంటలు పట్టింది.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి అలసిపోతే ఆ బటన్ నొక్కడం కష్టం. కంటిపాపలు పెద్దవయ్యే చుక్కల మందు వేస్తారు, కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, కాబట్టి ఆటోలో వెళ్లండి. ఇంట్లో ఒకరికి ఉంటే పిల్లలకీ, తోబుట్టువులకీ వచ్చే అవకాశం ఎక్కువని చెప్పారు, వచ్చే వారం నాకూ అన్నయ్యకీ అక్కడే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.