నాలుగేళ్లుగా మా గోడమీదున్న ‘చరిత్రలో ఈ రోజు’ క్యాలెండర్

2022 జనవరిలో తిరుపతి గాంధీరోడ్డులో కొన్న డైలీ షీట్ క్యాలెండర్‌తో మొదలైంది ఇది. ముందువైపు తేదీ, తిథి, రాహుకాలం. వెనకవైపు ‘చరిత్రలో ఈ రోజు’ అని నాలుగైదు సంగతులు. అప్పట్నుంచి ఏటా అదే కొంటున్నా. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. పొద్దున ప్రేయర్‌లో ఎవరో ఒక పిల్లో పిల్లాడో ఆ షీటు చదువుతారు కాబట్టి, మా బడంతా వాడుతున్నట్టే లెక్క.

దీని విలువ నాకు బాగా తెలిసొచ్చింది మరుసటి ఏడు జూలై 4న. 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టింది ఆ రోజు. 1902లో వివేకానందులు కన్నుమూసింది, 1963లో పింగళి వెంకయ్య పోయింది కూడా ఆ రోజే. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన 1776లో అదే తేదీన. దానిమీద సంతకం చేసిన జెఫర్సన్, ఆడమ్స్ ఇద్దరూ సరిగ్గా యాభై ఏళ్లకు, 1826లో, కొన్ని గంటల తేడాతో పోయారు. షీటు చదవడం అయ్యాక ఎనిమిదో తరగతి పిల్లాడొకడు నా దగ్గరికొచ్చి, “అల్లూరి పుట్నప్పుడు వివేకానంద బతికే ఉండారా మేడం?” అన్నాడు. ఉన్నారు. విదేశాలు తిరిగి ఆయన మద్రాసుకు వచ్చింది ఆ ఏడాది మొదట్లోనే. వేర్వేరు పాఠాల్లో చదివిన మనుషులు ఒకే కాలంలో బతికారని వాడికి ఆరోజు తట్టింది. పాఠం చెప్పి నేను ఇన్నేళ్లలో తెప్పించలేని ప్రశ్న అది.

తప్పులూ ఉన్నాయి. నవంబర్ 1 షీటులో ‘ఆంధ్ర రాష్ట్ర అవతరణ, 1953’ అని అచ్చేశారు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబర్ 1న. తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది 1956 నవంబర్ 1న. అచ్చు వేసినవాళ్లకు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. మరుసటి ఏడూ అదే తప్పు, మూడో ఏట గానీ దిద్దలేదు. మైకులో విన్నది పిల్లలు పరీక్షలో అట్లే రాసేస్తారు. అందుకే ముందురోజు సాయంత్రమే షీటు ఒకసారి చూసుకుంటా.

ఇంకొకటి. ఫిబ్రవరి 23న ‘అన్నమయ్య వర్ధంతి, 1503’ అని ఉంటుంది. తారీఖు సరైందే. కానీ మా ఊళ్లో వర్ధంతి జరిపేది ఫాల్గుణ బహుళ ద్వాదశికి. అలిపిరి దగ్గర మెట్లోత్సవం అప్పుడే, అది ఎక్కువగా మార్చిలో పడుతుంది. ముందువైపు తిథి వేసేవాళ్లు వెనక ఆ ఒక్క ముక్క రాయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కాగితం పలచన. వానాకాలం సిరా అంటుకుంటుంది. రెండొందల లోపు ధరకు అది సర్దుకోవచ్చు.

సర్దుకోలేనిది ఫిబ్రవరి 28. 1928లో రామన్ ఎఫెక్ట్ ప్రకటించిన రోజని, సైన్స్ డే అని రాస్తారు, సంతోషం. అదే తేదీన 1919లో మదనపల్లె బీసెంట్ కాలేజీలో కూర్చుని రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. అప్పుడది చిత్తూరు జిల్లా. తిరుపతి నుంచి పీలేరు మీదుగా బస్సెక్కితే దాదాపు మూడు గంటలు. ఆ సంగతి నాలుగేళ్లలో ఒక్కసారీ అచ్చు కాలేదు. మొదటి ఏడు నేనే తేదీ కింద ఖాళీలో ఎర్ర పెన్నుతో రాశాను. తర్వాత నుంచి పిల్లలే రాస్తున్నారు. పోయినసారి రాసిన పాపకు అది అమ్మమ్మగారి ఊరట. పెన్ను గట్టిగా ఒత్తి, ‘మదనపల్లె’ మాత్రం పెద్దక్షరాలతో రాసింది. చించి చూస్తే మార్చి 1 మీద కూడా ఆ అక్షరాలు పడున్నాయి.