రెండు వరుసల కోసం కొన్న సాఫ్ట్‌వేర్: స్క్రీమింగ్ ఫ్రాగ్‌పై నా సమీక్ష

వెబ్‌సైటు లోపలి లింకులను, లోపాలను తనిఖీ చేసే స్క్రీమింగ్ ఫ్రాగ్ ఎస్‌ఈవో స్పైడర్ (ఎస్‌ఈవో అంటే గూగుల్ వంటి సెర్చ్‌లో సైటు బాగా కనిపించేలా చేసే పని) తెరవగానే పైన ట్యాబుల వరస తెర అంచు దాటి పోతుంది. కొన్నేళ్లుగా వాడుతున్న నాకు వాటిలో ప్రతిసారీ పనికొచ్చేవి రెండే నిలువు వరుసలు: క్రాల్ డెప్త్, ఇన్‌లింక్స్. హోమ్ పేజీ నుంచి ఒక పేజీకి చేరాలంటే ఎన్ని క్లిక్కులు పడతాయో మొదటిది చెబుతుంది. సైటులోని మిగతా పేజీలు దానికి ఎన్ని లింకులు ఇచ్చాయో రెండోది చెబుతుంది. ఈ రెండింటి కోసమే లైసెన్సు కట్టాల్సి వచ్చినా కడతాను. మిగతాదంతా నా లెక్కలో కొసరు.

తెలియనివారి కోసం క్లుప్తంగా: ఇది 2010లో వచ్చిన బ్రిటిష్ సాఫ్ట్‌వేర్. మన కంప్యూటర్లోనే పెట్టుకోవాలి. వెబ్ పేజీలను చదవడానికి గూగుల్ పంపే గూగుల్ బాట్ లాగే లింకు వెంట లింకు పట్టుకుని సైటంతా తిరిగి, చూసినదాన్ని పట్టికగా ఇస్తుంది. ఉచితంగా 500 చిరునామాల వరకు తిరుగుతుంది. ఫొటోలు, స్టైల్ ఫైళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి కాబట్టి 500 అనుకున్నంత పెద్ద సంఖ్య కాదు. పైగా ఉచితంలో ఫలితాన్ని దాచుకోవడం, జావాస్క్రిప్టుతో తయారయ్యే పేజీలను చూడడం, సెర్చ్ కన్సోల్‌ను (గూగుల్‌లో తన సైటు పరిస్థితిని యజమానికి చూపే గూగుల్ సేవ) కలపడం కుదరవు. లైసెన్సు ఏడాదికోసారి కట్టాలి.

విజయవాడలో ఉండి చిన్న, మధ్యతరహా వ్యాపారాల సైట్లు చూసుకోవడం నా పని. ఈ సాఫ్ట్‌వేర్ విలువ నాకు బాగా తెలిసింది గుంటూరులోని ఒక మిర్చి ఎగుమతి వ్యాపారి సైటుతో. అక్కడ మిర్చి మార్కెట్ యార్డు పనిచేసిన ప్రతిరోజూ ఆ రోజు ధరలతో ఒక కొత్త పోస్టు వేసేవారు. శ్రద్ధగా చేసిన పనే. అయితే తేజ రకం గురించి, బ్యాడిగి రంగు గురించి, తొడిమ తీసిన కాయల ప్యాకింగ్ గురించి రాసిన మంచి వ్యాసాలు కూడా అదే పోస్టుల వరసలో ఉండేవి. రోజువారీ ధరలు పైన చేరుతున్నకొద్దీ అవి, శీతల గిడ్డంగిలో ముందు పెట్టిన బస్తాలు వెనక్కి పోయినట్టు, అడుగున పడిపోయాయి. పేజీకి 10 పోస్టులు, కింద ‘పాత పోస్టులు’ అనే ఒక్క లింకు. ఆ లెక్కన 200వ పోస్టు హోమ్ పేజీకి 20 క్లిక్కుల దూరంలో ఉంటుంది. కొనుగోలుదారుడు అంత దూరం రాడు. గూగుల్ బాట్ వచ్చినా, ఒకే ఒక లింకు ఉన్న పేజీ ముఖ్యమైనదని అనుకోవడానికి దానికి ఆధారం లేదు.

డెప్త్ వరసను పెద్ద సంఖ్య నుంచి చిన్నదానికి పేర్చగానే ఇదంతా ఒక్క తెరలో కనిపించింది. వ్యాపారికి నేను వేరే వివరణ ఇవ్వాల్సిన పని పడలేదు. “మన సరుకు పేజీలు ఇంత కింద ఉన్నాయా అండీ” అని ఆయనే అడిగారు. తర్వాత చేసింది పెద్ద విద్యేమీ కాదు. ఒక్కో రకానికి ఒక స్థిరమైన పేజీ, ఒక్కో రకం ధరకు మరో స్థిరమైన పేజీ పెట్టాం. రోజూ కొత్త పోస్టు వేయకుండా ఆ ధర పేజీలోనే ఒక వరస చేరుస్తారు. పాత పోస్టులు నెలలవారీగా ఒకచోటికి చేరాయి. ముఖ్యమైన పేజీలన్నీ మూడు క్లిక్కుల లోపలికి వచ్చాయి.

ఏ పేజీ నుంచి ఏ పేజీకి లింకు ఇవ్వాలన్నది మాత్రం సాఫ్ట్‌వేర్ చెప్పలేదు. అది చెప్పింది కొట్లో ఫోన్లు ఎత్తే గుమాస్తా. తేజ ధర అడిగినవారు వెంటనే ఏసీ సరుకా (శీతల గిడ్డంగిలో ఉంచినదా) కాదా అంటారు, తాలు (రంగు పోయిన నాసి కాయలు) ఎంత శాతం అంటారు, తొడిమతోనా తీసిందా అంటారు. రంగు కోసం వచ్చేవారు ఘాటు తక్కువ రకాల వైపు చూస్తారు. ఆ ప్రశ్నల క్రమంలోనే లింకులు వేశాం. ఈ సంగతి మార్కెట్లో ఉన్నవారికి తప్ప పట్టికకు తెలిసే అవకాశమే లేదు.

ఇక తెలుగు సైట్ల సంగతి. యూఆర్ఎల్, అంటే పేజీ చిరునామా, తెలుగులో ఉంటే ఇందులో అది దాదాపు ఎప్పుడూ లోపాల కిందే వస్తుంది: ఆంగ్లేతర అక్షరాలున్నవి, 115 అక్షరాలు దాటినవి. మొదటిదాన్ని నేను పట్టించుకోను, గూగుల్ తెలుగు చిరునామాలను చక్కగా చదువుతుంది. రెండోదాని వెనక మాత్రం అసలు చిక్కు ఉంది. తెలుగులో ప్రతి హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు యూఆర్ఎల్‌లో తొమ్మిదేసి అక్షరాలుగా మారుతాయి. చాలా సైట్లు నడిచే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్, చిరునామాలో పోస్టు పేరు వచ్చే భాగానికి ఇచ్చే చోటు 200 అక్షరాలే. ‘గుంటూరు మిర్చి యార్డు ధరలు’ అని మొదలుపెట్టి చివర తేదీ వేస్తే, చిరునామా ‘ధర’ దగ్గరే తెగిపోతుంది. తేదీ ఎప్పటికీ పడదు. మర్నాటి పోస్టుకు చివర 2 అని, ఆపై 3 అని తోకలు తగులుతాయి. ఏ తోక ఏ రోజుదో యజమానికే తెలియదు. అందుకే ఇప్పుడు తెలుగు సైట్లకు కూడా చిరునామాలు ఆంగ్ల లిపిలో పొట్టిగా పెడుతున్నాను. పాతవి మార్చినప్పుడు 301 దారి మళ్లింపు (పాత చిరునామాకు వచ్చినవారిని శాశ్వతంగా కొత్తదానికి పంపేది) పెట్టి ఊరుకోకుండా, లోపలి లింకులను కూడా కొత్త చిరునామాకు సరిచేయాలి. మళ్లింపు ఉన్న పేజీని ఎంచుకుని ఇన్‌లింక్స్ చూస్తే, పాత చిరునామా ఇంకా ఏయే పేజీల్లో మిగిలిందో వరసగా కనిపిస్తుంది. నా సమయం ఎక్కువగా ఆదా అయ్యేది ఇక్కడే.

అర్థం లేని లింకు మాటలను పట్టే ఫిల్టరు ఒకటుంది. దానికి మొదట్లో తెలిసేవి ఆంగ్ల పదాలే. ‘ఇక్కడ నొక్కండి’, ‘మరిన్ని వివరాలు’ వంటివి మనమే జాబితాలో చేర్చాలి. చేర్చాక బాగా పనిచేస్తుంది.

లింకులను వాటంతటవే వేసే ప్లగిన్ ఒకదాన్ని కూడా ఒక సైటులో కొంతకాలం నడిపి చూశాం. పేరు అనవసరం. ‘మిర్చి’ అని చెబితే అది ‘మిర్చిని’, ‘మిర్చికి’ అన్నవాటిని వదిలేసింది. అక్షరాలు కలిస్తే చాలు అనే సెట్టింగు పెడితే మాట మధ్యలో లింకు పడి, విభక్తి బయట వేలాడింది. ఒకే పేరాలో ఒకే పేజీకి నాలుగు లింకులు కూడా కనిపించాయి. తీసేశాం.

మంగళగిరి చీరల దుకాణం సైటులో ఇంకో రకం జబ్బు. రంగు, అంచు, ధర అనే ఫిల్టర్లు ఏ రెండు కలిసినా ఒక కొత్త యూఆర్ఎల్ పుడుతుంది. స్పైడర్ తిరుగుతూనే ఉంది, లెక్క పెరుగుతూనే ఉంది. ఆపేసి చూస్తే అసలు చీరల పేజీలు ఆ గుంపులో పిసరంత. అదే సైటులో పండుగ ఆఫర్ల పేజీలు ఏ లింకూ లేకుండా అనాథలై మిగిలాయి. వీటిని పట్టాలంటే సైట్‌మ్యాప్‌నో (సైటులోని పేజీల జాబితా ఫైలు), సెర్చ్ కన్సోల్‌నో కలిపి, తిరగడం అయ్యాక ఇందులోనే ఉన్న క్రాల్ అనాలిసిస్ నడపాలి. ఎందుకంటే లింకు లేని పేజీ లింకు వెంట నడిచేవారికి కనిపించదు కదా.

లింక్ స్కోరు అని 100కు ఒక మార్కు ఇస్తుంది. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ప్రకటించిన పేజ్‌ర్యాంక్ తరహా లెక్క, అంటే లింకులను బట్టి పేజీ బలాన్ని అంచనా వేసేది. బయటి లింకుల బలం ఇందులో కలవదు కాబట్టి సైటు లోపలి పేజీలను ఒకదానితో ఒకటి పోల్చడానికే వాడాలి. ఆ మార్కు పెంచడానికి ‘మమ్మల్ని సంప్రదించండి’ లాంటి లింకులకు నోఫాలో (ఈ లింకును లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్‌కు చెప్పే గుర్తు) తగిలించేవారు ఇంకా ఉన్నారు. అలా మిగిలిన బలం మిగతా లింకులకు చేరదని గూగుల్ 2009లోనే చెప్పింది. సైటంతా చుక్కలు, గీతలుగా చూపే బొమ్మ అందంగా ఉంటుంది. దాన్ని చూసి నేను ఇంతవరకు ఒక్క నిర్ణయమూ తీసుకోలేదు కానీ, వ్యాపారులతో సమావేశంలో తప్పకుండా తెరుస్తాను.

చవక హోస్టింగ్ మీద ఉన్న సైట్లను తిప్పేటప్పుడు వేగం తగ్గించండి. ఒకేసారి ఐదు పేజీలు అడగడం దీనికి అలవాటు. చిన్న సర్వరు దానికే నీరసపడుతుంది, రెండుకు దించితే చాలు. పెద్ద సైటైతే ఫలితాలను ర్యామ్‌లో కాకుండా డిస్కులో ఉంచే డేటాబేస్ స్టోరేజ్ పద్ధతిలో ఉందో లేదో చూసుకోవాలి.

దీనితో గూగుల్‌లో స్థానం ఎంత పెరిగిందని అందరూ అడుగుతారు. మిర్చి సైటులో ‘గుర్తించాం, ఇంకా ఇండెక్స్ చేయలేదు’ అనే జాబితాలో పడి ఉన్న చాలా పేజీలు, నిర్మాణం మార్చాక క్రమంగా ఇండెక్స్‌లోకి, అంటే గూగుల్ వెతికే పేజీల జాబితాలోకి, వచ్చాయి. అదే సమయంలో వ్యాసాలనూ తిరగరాశాం, కాబట్టి ఘనతంతా లింకులకే ఇవ్వలేను.

యాభై పేజీల సైటున్న దుకాణదారుకు లైసెన్సు అక్కర్లేదు. ఉచిత రూపం, దానికి తోడు సెర్చ్ కన్సోల్‌లోని లింకుల నివేదిక సరిపోతాయి. రోజూ పేజీలు చేరే సైటు ఉన్నవారు, నాలాగా పదిమంది సైట్లు చూసేవారు కొనుక్కోవచ్చు.