ముందు కాల్చింది ఎవరు? అందాకా తెచ్చింది ఎవరు?

2008 ఆగస్టు నాటి జార్జియా–రష్యా యుద్ధం మాటెత్తితే వాదన ఈ రెండు ప్రశ్నల్లో ఏదో ఒకదాన్ని పట్టుకుంటుంది.

శ్రమ: మొదటిదానికి జవాబు కావాలంటే ఒక్క రాత్రిని చూస్తే చాలు. ఆగస్టు 7 అర్ధరాత్రి వేళ జార్జియా సేన, తన నుంచి విడిపోయిన దక్షిణ ఒసేతియా ముఖ్యపట్టణం త్స్కిన్వాలిపై ఫిరంగులు పేల్చింది. రెండోదానికి అక్కడ 1990ల నాటి పోరు, దక్షిణ ఒసేతియా జనానికి రష్యా పంచిన పాస్‌పోర్టులు, ఆ ఏప్రిల్‌లో బుకారెస్ట్‌లో నాటో జార్జియాకు ఇచ్చిన సభ్యత్వ హామీ, అన్నీ తిరగేయాలి.

ముప్పు: మొదటిదానితోనే ఆగిపోతే జార్జియా లోపల గోరీ పట్టణం దాకా వచ్చిన రష్యా ట్యాంకులు లెక్కలోకి రావు. రెండోదాన్ని సాగదీస్తే తవ్వేకొద్దీ పాత పగలే, ఎవరి తప్పూ తేలదు.

యూరోపియన్ యూనియన్ తరఫున స్విస్ దౌత్యవేత్త హైడీ తల్యావీనీ బృందం 2009లో రెండింటినీ తూచింది. త్స్కిన్వాలిపై దాడికి న్యాయబద్ధత లేదంది, రష్యా ప్రతిదాడి హద్దు మీరిందనీ అంది. ఇరుపక్షాలూ ఎవరికి నచ్చిన సగం వాళ్లు చదువుకున్నారు!

ఫలానా దాడి చట్టవిరుద్ధమా అన్నది తేల్చాలంటే మొదటి ప్రశ్నే సరైంది. ఎవరి ఉద్దేశమేంటో తెలియాలంటే మాత్రం రెండోదే, ఎంత విసుగొచ్చినా.