డబ్బు లెక్కలు చూసే డేటాబేస్‌కి ఏది మేలు: రస్టా, జిగ్గా?

జిగ్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇంకా 1.0కి, అంటే మొదటి స్థిరమైన వెర్షన్‌కి చేరలేదు. అయినా టైగర్‌బీటిల్ వాళ్లు డబ్బు లావాదేవీలు నమోదు చేసే డేటాబేస్‌ని మొత్తం అందులోనే కట్టారు. అది చూసి మనమూ జిగ్‌లోనే రాద్దామా అనిపించడం సహజం. నా ఓటు మాత్రం రస్ట్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషకే.

మొదటి కారణం నిలకడ. రస్ట్ 1.0 వచ్చింది 2015 మేలో. పాత కోడ్ కొత్త కంపైలర్‌తోనూ (కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చే సాధనం) నడవాలన్న మాటను అప్పటినుంచీ దాదాపుగా నిలబెట్టుకుంటూనే ఉంది. జిగ్ ఇంకా ఆ మాట ఇవ్వలేదు. 2023లో 0.11తో అసింక్ సదుపాయమే (ఒక పని పూర్తయ్యేదాకా ఆగకుండా మరో పని చూసుకునే వీలు) పోయింది. 2025లో 0.15 వచ్చేసరికి డేటా చదివే, రాసే పద్ధతి మారిపోయింది. వెర్షన్ మారినప్పుడల్లా నడుస్తున్న కోడ్‌ని ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాలి.

రెండోది మెమరీ. వదిలేసిన మెమరీని మళ్లీ ముట్టుకునే కోడ్ రాస్తే మామూలు రస్ట్‌లో అది కంపైలే కాదు. జిగ్ అడ్డుపడదు. మరి టైగర్‌బీటిల్ ఎలా నెట్టుకొస్తోంది? కావలసిన మెమరీ అంతా ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడే తీసుకుంటుంది, ఆ తర్వాత కొత్తగా అడగదు. బయటి లైబ్రరీల జోలికి పోదు. డిస్క్ పాడైనట్టు, నెట్‌వర్క్ తెగినట్టు సిమ్యులేషన్‌లో పదే పదే పరీక్షిస్తుంది. ఇదంతా ఆ టీమ్ క్రమశిక్షణ. భాషతో పాటు ఉచితంగా వచ్చేది కాదు.

ఒక్క విషయంలో జిగ్‌దే పైచేయి, అదీ డబ్బుకి సంబంధించిందే. ఎనిమిది బిట్ల సంఖ్య తన గరిష్ఠమైన 255 దగ్గర ఉండగా నడుస్తున్న ప్రోగ్రాంలో ఒకటి కలిపామనుకోండి. రస్ట్ రిలీజ్ బిల్డ్ (వాడుకకి ఇచ్చే తుది ప్రోగ్రాం) మామూలు సెట్టింగుల్లో చప్పుడు చేయకుండా సున్నా ఇస్తుంది. తనిఖీలు ఉంచే జిగ్ రిలీజ్‌సేఫ్ బిల్డ్ అయితే అక్కడే ఆగిపోతుంది. తప్పుడు బ్యాలెన్స్ చూపించడం కన్నా ఆగిపోవడం వంద రెట్లు నయం. అందుకే రస్ట్ తీసుకున్నవాళ్లు ఓవర్‌ఫ్లో చెక్‌లు (సంఖ్య ఇలా హద్దు దాటితే పట్టుకునే తనిఖీలు) మొదటి రోజే ఆన్ చేసుకోవాలి. అలాగే జిగ్‌లో వేగం కోసం రిలీజ్‌ఫాస్ట్‌కి వెళ్తే ఆ రక్షణ పోతుందని మరవకండి.

కంపైలర్‌లోనే బగ్ వస్తే దాని సోర్స్ తెరిచి చూడగలవాళ్లు కనీసం ఇద్దరు మీ టీమ్‌లో ఉంటే జిగ్ గురించి ఆలోచించండి. ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరూ ఉద్యోగం మారిన రోజు మీ పరిస్థితి ఏమిటో ముందే లెక్క వేసుకోండి.